ఇబ్రహీంపట్నం దారిలో కొంచెం ఇటాలియన్

హైదరాబాదు దాటి తెలంగాణ పల్లెల్లోకి వెళితే ఎలా ఉంటుందని మా తెనాలి వైపు చుట్టాలు నన్ను అడుగుతూ ఉంటారు. వాళ్లలో ఎవరూ ఇటు రాలేదు. నిజాం రాజ్యం మీద పోలీసు చర్య ముగిసి, ఇంకా ఎవరికీ గుండె దడ తగ్గని రోజుల్లో నేను మొదటిసారి ఇబ్రహీంపట్నం దాకా ఎడ్లబండి మీద వెళ్లివచ్చాను. దూరం పెద్దది కాదు. కానీ పోయేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ ఆ బండిలో నేను కుదురుగా కూర్చున్న గడియ లేదు.

నేను నర్సును. పేరు కరుణ. హైదరాబాదులో ఇటలీ కన్యాస్త్రీలు నడిపే ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. ఇబ్రహీంపట్నంలో వాళ్లకు రెండు గదుల చిన్న దవాఖానా ఉండేది. సిస్టర్ లూచియా అనే పెద్దావిడ ఏళ్ల తరబడి దాన్ని ఒంటి చేత్తో నడిపారు. ఆవిడకు పక్షవాతం వచ్చిందనీ, కుడిపక్క పడిపోయిందనీ, తెలుగూ ఉర్దూ నోట రావడం లేదనీ, పుట్టిన దేశపు మాటలే ఏవో అంటున్నారనీ బాలయ్య అనే బండివాడు కబురు తెచ్చాడు. తెల్ల సిస్టర్లు ఊరు దాటడానికి అప్పట్లో అనుమతి దొరకడం లేదు. మా ఆసుపత్రి పెద్ద, మదర్, నన్ను పిలిచి, "నీకు మా భాష కొంచెం వచ్చు. నువ్వే వెళ్లి ఆమెను తీసుకురా" అన్నారు.

నాకు వచ్చిన ఇటాలియన్ ఎంతో ముందే చెప్పాలి. ఆపరేషన్ గదిలో తొందర పెరిగినప్పుడు సిస్టర్లు తమ భాషలోనే అరిచేవారు. కత్తెర ఎక్కడ, దూది ఎక్కడ, దీపం ఎక్కడ. అందుకని వాళ్లలో ఒకావిడ, ఒక గదిలో ఏ వస్తువు ఎక్కడుందో అడగడం, చెప్పడం వరకు నాకు నేర్పింది. బల్ల, కుర్చీ, మంచం, కిటికీ, అల్మారా. మీద, కింద, లోపల, వెనక, పక్కన. ఆ గది గుమ్మం దాటితే నాకు ఇటాలియన్ లేదు. ఆకలేస్తోందని కూడా చెప్పలేను.

సరూర్‌నగర్ దాటాక

బాలయ్య నడివయసు మనిషి. మిలిటరీ లారీ ఎదురైనప్పుడల్లా బండిని రోడ్డు కిందికి దింపి, దుమ్ము తగ్గేదాకా ఎడ్ల మెడలు నిమురుతూ నిలబడేవాడు. పక్షవాతం రోగిని అలా వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. దిగి నడుద్దామా అని అడిగితే, బండికంటే నువ్వు ముందు పోయి ఏం చేస్తవని అతను నవ్వాడు.

ఊరుకోలేక పాఠం వల్లె వేయడం మొదలుపెట్టాను. దొవె అంటే ఎక్కడ. సు అంటే మీద, సొత్తో అంటే కింద. మనం బల్ల మీద అంటాం, వాళ్లు మీద బల్ల అంటారు. పైగా వాళ్ల వస్తువులకు ఆడా మగా ఉంది. బల్ల మగవాడు కాబట్టి సుల్ తావొలో. కుర్చీ ఆడది కాబట్టి సుల్లా సేదియా. మీద అనే మాట ఆ ఆడామగా గుర్తుతో కలిసి, మన సంధిలాగా ఒక్క ముద్దవుతుంది. అల్మారాను అర్మాదియో అంటారు. రెండూ ఏ కాలంలోనో ఒక ఇంట పుట్టిన మాటలయి ఉండాలి.

ఇంకొక చిక్కుంది. దీపం బల్ల మీద ఉంది అనడం వేరు, బల్ల మీద దీపం ఉంది అనడం వేరు. మొదటిది మనం వెతుకుతున్న దీపం. రెండోది అక్కడ ఏముందో కొత్తగా చెప్పడం. మనం మాటల వరస మార్చి సరిపెట్టుకుంటాం. వాళ్లు మొదటిదానికి 'ఎ' అంటారు, రెండోదానికి 'చె' అంటారు. ఆ చిన్న 'ఎ'లో మన ఉంది, ఉన్నాడు రెండూ ఇమిడిపోతాయి. మనిషైనా మంచమైనా వాళ్లకు ఒకటే 'ఎ'.

నా గొణుగుడు విని బాలయ్య అదేం మంత్రమని అడిగాడు. చెప్పాను.

"బల్ల పేరే చెప్పకపోతిరి, మీద ఎట్ల పెడ్తరమ్మా?" అన్నాడు.



తుర్కయాంజాల్

ఎడ్లు అలిసిపోయాయి. తుర్కయాంజాల్‌లో సత్తెమ్మ అనే బాలయ్య దూరపు చుట్టం ఇంట్లో ఆ పూటకు ఆగాం. వెళ్లిపోదాం వెళ్లిపోదామని నేను ప్రాణం తీస్తుంటే, ఆమె నా భుజం నొక్కి కూర్చోబెట్టి గటక పెట్టింది. జొన్న రవ్వను గట్టిగా ఉడికించి మజ్జిగ పోసుకుని తినేది గటక. మా వైపు వరి అన్నం లేకపోతే భోజనమే కాదనుకుంటాం. ఆ మజ్జిగ గటక, పక్కన నూరిన పచ్చిమిరపకాయ కారం తిన్నాక మళ్లీ మర్నాటిదాకా ఆకలి మాట గుర్తు రాలేదు. సీతాఫలాల కాలం. గంపలో మగ్గినవి చేత్తో విప్పి నా ముందు పెట్టింది. నేను డబ్బు తీస్తే నవ్వింది. నిజాం సిక్కా నడుస్తుందో, ఇండియా రూపాయి నడుస్తుందో ఇంకా ఎవరికీ అంతుపట్టని రోజులు.

"ఏది నడుస్తదో ఏమో. ఉంచుకో బిడ్డా," అంది.

ఆమె పక్కిల్లు తాళం వేసి ఉంది. అది ఒక ముసల్మాను దర్జీది. సైన్యం వచ్చాక చుట్టుపక్కల ఊళ్లలో ముసల్మానుల ఇళ్ల మీద పడుతున్నారని విని, భార్యాబిడ్డలతో హైదరాబాదు వెళ్లిపోయాడట. రజాకార్ల దినాల్లో ఊళ్లోవాళ్లు అడవి పట్టారు, ఇప్పుడు ఇతను. అతని మేకలను సత్తెమ్మ తన దొడ్లో కట్టేసి మేపుతోంది. పాలు పిండి అమ్ముకోవచ్చు కదా అని ఎవరో అంటే, మేకపిల్లలు కుడుస్తున్నాయి కదా అందట. ఎప్పుడొస్తారని అడిగాను. తెలియదని తల ఊపింది. మాట్లాడుతూనే ప్రతి చప్పుడుకూ రోడ్డు వైపు చూసేది. అటు చూడడం నాకూ అలవాటైపోయింది.

ఇబ్రహీంపట్నం

మర్నాడు ఎండెక్కేసరికి పెద్ద చెరువు కనిపించింది. మా కృష్ణ కాలువలు చూసిన కళ్లకు కూడా అది పెద్దదే. కట్ట మీద జవాన్లు బట్టలు ఆరేసుకున్నారు. బజారులో సగం దుకాణాలు మూసి ఉన్నాయి. తెరిచినవాళ్లు కూడా తలుపు ఒక రెక్కే తెరిచారు.

దవాఖానా వరండాలో జ్వరం పిల్లలతో తల్లులు కూర్చుని ఉన్నారు. లోపల ఎవరూ మందివ్వరని తెలిసినా లేచి వెళ్లలేదు. ఆయా మరియమ్మ బయటికి వచ్చింది. సిస్టర్ లూచియా దగ్గరే పెరిగి, అక్కడే పనికి కుదిరిన ఊరి మనిషి. నేను ఎవరో బాలయ్య చెప్పినా ఆమె ముఖం విప్పారలేదు. ఎప్పుడు తీసుకుపోతావని మాత్రం అడిగింది.

గది చిన్నది. కిటికీ పక్కన మంచం, మంచం ముందు బల్ల, దాని మీద దీపం; కిటికీకి అవతలి పక్కన కుర్చీ, వెనక గోడకు ఆనించి పెద్ద టేకు అల్మారా. సిస్టర్ లూచియా ముఖం ఒక వైపుకు లాగేసింది. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. నా తెల్ల బట్టలు చూడగానే ఎడమ చెయ్యి ఎత్తి, నాలుక తడబడుతూ అన్నారు.

"ఎ దియేత్రో లర్మాదియో."

మరియమ్మ నా వెనకనే ఉంది. "పడ్డ సంది గదే మాట. దేవుణ్ని తల్సుకుంటున్నది," అంది.

ప్రార్థన కాదని నాకు తెలిసింది. అల్మారా వెనక ఉంది అంటున్నారు. ఏముంది? వాళ్ల భాషలో కర్త చెప్పనక్కర్లేదు, మనలాగే. మందేమో అనుకున్నాను. ఆవిడ కళ్లలో ఆత్రం చూస్తే నాకు కాలు నిలవలేదు. మరియమ్మతో, అల్మారా వెనక ఏదో ఉందంటున్నారు, జరుపుదాం పట్టమన్నాను.

ఆమె అల్మారాకూ నాకూ మధ్యకు వచ్చి నిలబడింది.

"ఆడ ఏం లేదు. గోడ."

"ఉందంటున్నారుగా."

"గోడనే. నువ్వు మదరమ్మను తీస్కొని పో." ఊళ్లో అందరికీ సిస్టర్ లూచియా మదరమ్మే.

ఇంతలో వరండాలో బూట్ల చప్పుడైంది. తల్లులు పిల్లల్ని ఒళ్లోకి లాక్కున్నారు.

హవల్దారు

వచ్చినవాడు గఢ్వాల్ కొండల నుంచి వచ్చిన హవల్దారు, వెంట ఒకరిద్దరు జవాన్లు. గుమ్మం దగ్గర ఆగి, హిందుస్తానీలో మర్యాదగానే అడిగాడు. గుట్టల దగ్గర కాల్పుల్లో సంఘం మనిషి ఒకడు తొడకు గుండు తగిలి తప్పించుకున్నాడు, దవాఖానాకు రాక తప్పదు, వచ్చాడా? సంఘం అంటే కమ్యూనిస్టులు. దొరల భూములు పంచి, రజాకార్లతో పోరాడినవాళ్లు. రజాకార్ల పని అయిపోయాక సైన్యం వీళ్ల వెంట పడింది.

రాలేదని మరియమ్మ చెప్పింది. ఆమె వేళ్లు వెనక నుంచి నా చీర కొంగును పట్టుకున్నాయి. అప్పుడు నాకు అర్థమైంది. ఆ 'ఎ' అంటే ఉంది కాదు. ఉన్నాడు. సిస్టర్ లూచియా మందు గురించి చెప్పడం లేదు. తన రోగిని నాకు అప్పజెపుతున్నారు.

సరిగ్గా అప్పుడే ఆవిడ మళ్లీ అన్నారు. "ఎ దియేత్రో లర్మాదియో."

హవల్దారు తల గిర్రున తిరిగింది. అతని ముఖంలో నేనెప్పుడూ ఊహించని సంతోషం కనిపించింది. మొన్నటి ప్రపంచ యుద్ధంలో రెండేళ్లు ఇటలీలో ఉన్నాడట. ఆ మాటలు మళ్లీ చెవిన పడతాయనుకోలేదన్నాడు. తర్వాత కనుబొమలు ముడిచి, అల్మారా అంటోంది కదా, ఏమంటోంది అని నన్ను అడిగాడు.

సంఘం గురించి నాకు మంచీ తెలియదు, చెడూ తెలియదు. రోగి అని మాత్రం తెలుసు. నాకు భాష నేర్పుతున్నారు అన్నాను. గదిలో ఏది ఎక్కడుందో రోజూ పాఠం చెప్పేవారు, పక్షవాతం వచ్చాక ఆ పాఠం ఒక్కటే నోట మిగిలింది అన్నాను. అతను నమ్మాడో లేదో తెలియలేదు. నిరూపించాలి. మంచం దగ్గరికి వెళ్లి వంగి అడిగాను.

"దొవె సోనో లె ఫోర్బిచి?" కత్తెర ఎక్కడుంది?

ఆవిడ నన్ను చూశారు. అంతసేపు ఎవరూ నా ముఖంలోకి చూసి ఉండరు. "నెల్ కస్సెత్తో," అన్నారు. సొరుగులో.

దీపం ఎక్కడ? బల్ల మీద. కుర్చీ ఎక్కడ? కిటికీ పక్కన. నేను అడగడం, ఆవిడ మెల్లగా పదం పదం కూడదీసుకుని చెప్పడం. మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాను. వరండాలో తల్లులు గుమ్మం దగ్గరికి చేరారు. హవల్దారు టోపీ తీసి చంకలో పెట్టుకుని, బడిపిల్లవాడిలా ముందుకొచ్చాడు.

"దొవె ఇల్ వీనో?" అని అడిగాడు. ద్రాక్షసారా ఎక్కడ?

"నోన్ చె," అన్నారు సిస్టర్. లేదు.

అతను పకపకా నవ్వాడు. జవాన్లు అర్థం కాకపోయినా నవ్వారు. నవ్వు ఆగాక అతను అల్మారా వైపు వేలు చూపించాడు. గొంతు మారలేదు.

"కె కోసా చె దియేత్రో లర్మాదియో?" అల్మారా వెనక ఏముంది?

అది నేను అడగని ఒకే ఒక్క ప్రశ్న. సిస్టర్ లూచియా కళ్లు నా మీద నుంచి మరియమ్మ మీదికి, ఆమె మీద నుంచి అతని మీదికి వెళ్లాయి.

"ఇల్ మూరో," అన్నారు. గోడ.

హవల్దారు మరోసారి అల్మారా వైపు చూశాడు. టోపీ పెట్టుకున్నాడు. ఆవిడకు ఛాతీ మీద చెయ్యి పెట్టి వంగి నమస్కరించి, జవాన్లను తీసుకుని వెళ్లిపోయాడు. బూట్ల చప్పుడు బజారు మలుపు దాటేదాకా గదిలో ఎవరం కదల్లేదు.

అల్మారా వెనక

అప్పుడు చెప్పింది మరియమ్మ. లోపల దాగినవాడు ఆమె తమ్ముడు సాయిలు. అల్మారా వెనక ఒక కొట్టు ఉంది, ఒకప్పుడు మందుల పెట్టెలు పెట్టుకునే చోటు. సిస్టరే అతన్ని అందులో దాచి, రోజూ కట్టు కట్టేవారు. ఆవిడ పడిపోయాక కట్టు మార్చేవాళ్లు లేరు. నన్ను నమ్మవచ్చో లేదో తెలియక నోరు కట్టుకుంది. ఇల్ మూరో అంటే గోడ అని నేను చెప్పాక, మదరమ్మకు తెలుగు నోట రాకున్నా చెవికి ఎక్కుతున్నదని తనకూ ఇవాళే తెలిసిందంది. గోడ అన్న మాట ఆవిడ మా ఇద్దరి తగవులో విన్నదే.

ఇద్దరం భుజాలు ఆనించి అల్మారాను జరిపాం. లోపలి వాసనకే కట్టు సంగతి తెలిసిపోయింది. సాయిలు గోడకు ఆనుకుని, నోట్లో గుడ్డ కుక్కుకుని కూర్చున్నాడు. దగ్గు రాకుండా. ఒళ్లు కాలిపోతోంది. తొడ వాచి నల్లబడింది, అయినా కాలు తీసేయాల్సిన దశ రాలేదు. నేను చీము తీస్తున్నంతసేపూ సిస్టర్ మంచం మీద నుంచే నడిపించారు. పొడి మందు ఎక్కడ అంటే అల్మారాలో. దూది ఎక్కడ అంటే మంచం కింద పెట్టెలో. నేను తప్పు సీసా తీస్తే చేత్తో పరుపు మీద కొట్టారు. నేను కట్టు ముగించాక, ఎడమచేత్తో ముఖం మీద శిలువ గుర్తు వేసుకుని నిద్రపోయారు. ఆవిడ నిద్రపోయి చాలా రోజులైందని మరియమ్మ అంది.

సాయిలు నీళ్లు తాగి, బయట ఎంతమంది పిల్లలు ఏడుస్తున్నారని అడిగాడు. లోపల వింటూనే ఉన్నానన్నాడు.

"నన్ను చూసినవ్ కదా అక్కా. జర వాళ్లను గూడ చూడు."

పొద్దుగూకే దాకా వరండాలో పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. మరియమ్మ పక్కన కూర్చుని ఎవరి పిల్లవాడు ఎవరో చెప్పింది. మర్నాడు బయల్దేరే ముందు సాయిలుకు కట్టు ఎలా మార్చాలో ఆమె చేత రెండుసార్లు చేయించాను.

తిరుగు దారి

బండిలో గడ్డి పరిచి, దుప్పటి వేసి, సిస్టర్‌ను పడుకోబెట్టాం. మరియమ్మ రాలేదు. చక్రం పక్కన కొంతదూరం నడిచి, ఆవిడ పాదాలు పట్టుకుని, తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

ఊరు దాటేచోట చెక్‌పోస్టు. హవల్దారు అక్కడే ఉన్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. సిస్టర్ చేతిలో ఒక సీతాఫలం పెట్టి, వాళ్ల భాషలో ఏదో అన్నాడు. అందులో మీదా కిందా లేవు, నాకు అర్థం కాలేదు. ఆవిడ కళ్లు నిండాయి. ఏమన్నారని అడిగితే, ఇటలీలో ఒక ఇంటి పెద్దావిడ తనకు రొట్టె పెట్టేటప్పుడు అనే మాట అని చెప్పాడు. తర్వాత బాలయ్యకు వినపడకుండా నాతో అన్నాడు.

"అల్మారా వెనక ఏమీ లేనివాళ్లు నియెంతే అంటారు, ఏమీ లేదని. గోడ అని ఎవరూ అనరు."

అయితే ఎందుకు వెతకలేదని అడగబోయాను. అతనే చెప్పాడు.

"రెండు దేశాల్లో అల్మారాలు జరిపాను. నిన్న జరపాలనిపించలేదు. రేపు వేరేవాడు రావచ్చు. ఇక్కడ ఉండొద్దని చెప్పించు."

బాలయ్యను వెనక్కి పరిగెత్తించాను. అతను మరియమ్మతో మాట్లాడి వచ్చేదాకా చెట్టు నీడన బండిలో ఆవిడ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి అడుగు చప్పుడుకూ లేచి చూశాను. తుర్కయాంజాల్‌లో ఆగినప్పుడు సత్తెమ్మ మేకపాలు తెచ్చి, చెంచాతో సిస్టర్‌కు తాగించింది. దర్జీ ఇంటి తాళం అలాగే ఉంది.

ఆసుపత్రిలో

సిస్టర్ లూచియా క్రిస్మస్ చూడలేదు. చివరి వారాల్లో తెలుగు మాటలు కొన్ని తిరిగి వచ్చాయి. మొదట వచ్చిన మాట 'బిడ్డా'. వార్డులో నన్నూ, ఊడ్చే ఆమెనూ, మదర్‌నూ కూడా అలాగే పిలిచారు. మదర్ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

నాకు పని మీద మనసు నిలవలేదు. తెనాలి నుంచి మా అమ్మ, ఇక వచ్చెయ్యి, ఇక్కడ ప్రశాంతంగా ఉంది అని కబురు మీద కబురు పంపింది. నిజమే, అక్కడ ప్రశాంతంగా ఉంది.

చలి తగ్గుతుండగా ఒక రోజు పొద్దున్నే మరియమ్మ ఆసుపత్రికి వచ్చింది. సిస్టర్ సమాధి చూపించాను. మట్టి మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది. సాయిలు సంగతి అడగడానికి నాకు భయం వేసింది. ఆమే చెప్పింది. గుట్టల్లోకి చేర్చారట. కాలు మానింది. తర్వాత అక్కడే పట్టుబడ్డాడు.

"జైల్ల ఉన్నడు. పోయి చూసొచ్చిన. కుంటుతున్నడు గాని నడుస్తున్నడు. బతికి ఉన్నడు."

తర్వాత లేచి, చేతులకు అంటిన మట్టి దులుపుకుంది. వరండాలో తల్లులు ఇప్పటికీ వచ్చి కూర్చుంటున్నారని చెప్పింది. తను కట్టు కట్టగలదు కానీ ఏ సీసాలో ఏముందో తెలియదు. లేదని చెబితే నమ్మరు, పొద్దంతా కూర్చుని పోతారు.

"నువ్వొస్తవా?" అంది.

మదర్ గదికి వెళ్లి అడిగాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు. అక్కడ ఇంకా తుపాకులు పేలుతున్నాయని గుర్తు చేశారు. తెలుసన్నాను. ఒంటరిగా ఉండాలన్నారు. మరియమ్మ ఉందన్నాను. ఆవిడ కిటికీ లోంచి బయట నిలబడ్డ మరియమ్మను చూసి, మందుల గది తాళంచెవి తీసి నాకిచ్చారు.

కావలసినవి సర్దుకుని బయటికి వచ్చి, మదర్ ఒప్పుకున్నారని చెప్పాను. మరియమ్మ నవ్వలేదు. ఒక పెట్టె తన నెత్తి మీదికి ఎత్తుకుని, రెండోదాన్ని కాలితో నా వైపు జరిపింది.

"అయితే లేపు. పొద్దెక్కుతున్నది," అంది.